పద్దెనిమిది చోట్లు

పదకొండో చోటు మెట్టు. తలుపు కింద మడతపడే ఆ ఇనుప మెట్టును లోపలికి నెట్టి, అరచేత్తో ఒకసారి తట్టి, "మెట్టు" అన్నాడు నిదానం. పన్నెండు తలుపు. పిడి పట్టుకుని రెండుసార్లు లాగి చూశాడు. పదమూడు వంటింటి కిటికీ. తెల్లవారడానికి ఇంకా అరగంట ఉంది. యార్డులో స్తంభాల దీపాల కింద కొత్త ఇంటిబండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఒక పొడుగాటి మనిషి మెడ ముందుకు వంచి, తనలో తను మాట్లాడుకుంటూ తిరుగుతుంటే కొత్తవాళ్ళెవరైనా జడుసుకుంటారు. పాతవాళ్ళకి అది రోజూ ఉండేదే. "ప్రదక్షిణ అయిందా నిదానం?" అని గేటు దగ్గర కాపలాదారు అడుగుతాడు. నిదానం ఏనాడూ జవాబు చెప్పడు. మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుంది.

ఇంటిబండి అంటే చక్రాల మీద ఇల్లు. లోపల మంచం, పొయ్యి, సింకు, మనిషి పక్కకి తిరిగితే మోచెయ్యి తగిలే స్నానాల గది. సెలవుల్లో ఊళ్ళు తిరగాలని సరదా ఉన్నవాళ్ళు కొనుక్కుంటారు. దాన్ని ఫ్యాక్టరీ నుంచి ట్రక్కుకి తగిలించుకుని, కొన్నవాళ్ళ గుమ్మం దాకా లాక్కెళ్ళి అప్పజెప్పి రావడం నిదానం పని. ఇరవై ఆరేళ్ళుగా ఇదే. చేరిన రెండో ఏడు గాలికి ఒక బండి పైకప్పు మూత ఎగిరిపోయింది. అప్పటినుంచి ఆగిన ప్రతిసారీ, బయల్దేరే ముందు, కొక్కెం దగ్గర మొదలుపెట్టి బ్రేకు దీపం దాకా పద్దెనిమిది చోట్ల చెయ్యి వేసి, దాని పేరు పైకి అని, అప్పుడే సీటెక్కుతాడు. ఆ తర్వాత ఒక్క మూతా పోలేదు, ఒక్క గీతా పడలేదు. స్పీడు ముల్లు ఎనభై దాటనివ్వడు కనక నిదానం అనే పేరు వచ్చింది. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉంది, చదివేవాళ్ళు లేరు.

"పద్దెనిమిది. బ్రేకు దీపం."

చేతులు తుడుచుకుని ట్రక్కెక్కాడు. పక్క సీట్లో భార్య కూర్చుని ఉంది.

ఆ సీట్లో మనిషి కూర్చోవడం ఇదే మొదలు. కంపెనీ ఒప్పుకోదు. పొద్దున తాళాలు తీసుకునేటప్పుడు నిదానం మేనేజరుని రెండు అడిగాడు. ఒకటి, మా ఆవిణ్ణి వెంట తీసుకెళ్ళనా అని. ఇరవై ఆరేళ్ళలో ఏమీ అడగని మనిషి కనక మేనేజరు సరే అన్నాడు. రెండోది యార్డు పని. వచ్చిన బండ్లు దింపించుకుని, వెళ్ళేవాటిని చూసి పంపడం, సాయంత్రం ఆరింటికి ఇంటికి పోవడం. కిందటేడు మేనేజరే పిలిచి ఇస్తానన్నాడు, అప్పుడు ఇతను వద్దన్నాడు. ఆ పని మళ్ళీ ఖాళీ అయింది. "ఒప్పుకుంటాను సార్, వచ్చే నెల నుంచి" అని ఈ రోజు పొద్దున చెప్పేశాడు. ఆ సంగతి భార్యకి ఇంకా చెప్పలేదు.

ఆమె కాళ్ళ మధ్య దుప్పటి చుట్టిన కుట్టుమిషను ఉంది. కింది బల్ల లేదు, మిషను ఒక్కటే. సీటు వెనక ఒక పెట్టె. ఒళ్ళో సంచి. చిన్న మనిషి. కాళ్ళు కిందికి ఆనడం లేదని సీటుని ముందుకు జరుపుకుంది. కుట్టి కుట్టి కుడి చూపుడువేలి కొస గట్టిపడిపోయింది, దాన్ని బొటనవేలితో రుద్దుకోవడం అలవాటు. ఊరి చివర మలుపు తిరిగేదాకా రుద్దుకుంటూనే ఉంది.

ఆమె వెళ్ళిపోతోంది. దాన్లో దాపరికం ఏమీ లేదు. బండి చేరాల్సిన ఊళ్ళోనే ఆమె అక్క ఉంటుంది, చిన్న బట్టల మరమ్మతు దుకాణం నడుపుతుంది. చాలా ఏళ్ళుగా రమ్మని పిలుస్తోంది. యార్డు పని సంగతి కిందటి వారం దాకా ఈమెకి తెలియదు. మేనేజరు భార్య కోటుకి జిప్పు వేయించుకోవడానికి వచ్చి, మాటల్లో మాటగా, "మీ ఆయన ఆ పని వద్దన్నాడటగా, రోడ్డంటే అంత ఇష్టమా?" అంది. ఈమె జిప్పు కుట్టి ఇచ్చింది. ఆ రాత్రి అన్నం పెడుతూ, "నేను అక్క దగ్గరికి పోతున్నాను. ఇక్కడ ఒక్కదాన్నే ఉండేకంటే అక్కడ ఇద్దరం ఉంటాం" అంది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. తర్వాత అతనే నసుగుతూ, ఆ ఊరికే బండి ఉంది, దింపుతానన్నాడు.

ఎందుకు వద్దన్నాడో ఆమె అడగలేదు. అడిగితే చెప్పడానికి అతని దగ్గర గొప్ప కారణమేమీ లేదు. భయం వేసింది, అంతే. నెలకి ఎనిమిది రోజులు ఇంట్లో ఉండే మనిషి అతను. ఆ ఎనిమిది రోజులూ ఆమె మంచి కంచం తీస్తుంది, ఉతికిన దుప్పటి పరుస్తుంది, చుట్టంలా చూస్తుంది. రోజూ సాయంత్రం ఆరింటికి ఇంట్లో కూర్చుంటే ఏం మాట్లాడాలో అతనికి తెలియదు. కూతురు చిన్నప్పుడు, మీ నాన్న ఎక్కడుంటారని టీచరు అడిగితే, "ఫోన్లో" అని చెప్పిందట. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. ఇతనూ నవ్వాడు, ఫోన్లోనే.

ఇప్పుడు ఆరువందల కిలోమీటర్లు ఉన్నాయి. ఈలోగా ఒక్క మాట చెప్పాలి, ఆమె ఆగిపోవాలి. అంతకంటే అతను కోరేది ఏమీ లేదు. మొదటి వంద కిలోమీటర్లు పొగమంచుతోనే సరిపోయింది. మంచు విడిపోయాక చెబుదామనుకున్నాడు. విడిపోయాక ఎండ కళ్ళల్లో పడింది. ఎండ తప్పించుకోవడానికి పైన ఉన్న రేకు దించాడు. ఆమె వైపుది కూడా దించి, "ఇలా దించుకోవచ్చు" అన్నాడు. "ఊఁ" అంది. ఆ గంటలో వాళ్ళు మాట్లాడుకున్నది అంతే.

నాలుగు గంటల తర్వాత పెట్రోలు బంకు పక్క మైదానంలో ఆపాడు. దిగేసరికి నడుము పట్టేసింది. ట్రక్కు తలుపు పట్టుకుని, విరిగిన కర్రను అతికిస్తున్నంత జాగ్రత్తగా నిటారుగా నిలబడ్డాడు. కిటికీ వైపు చెయ్యి రెండో చేతి కంటే రెండు ఛాయలు నలుపు. పడుకునేటప్పుడు అవి ఇద్దరు మనుషుల చేతుల్లా ఉంటాయని పెళ్ళయిన కొత్తలో ఆమె నవ్వేది.

"లోపల ఒకసారి చూడనిస్తారా?" అంది ఆమె, ఇంటిబండి వైపు చూపిస్తూ.

అతను ఇన్నేళ్ళలో ఎవరికీ చూపించలేదు. తాళం తీసి, మెట్టు దించి, చెప్పులు బయట విడిచి ఎక్కమన్నాడు. లోపల కొత్త చెక్క వాసన, జిగురు వాసన. పరుపు మీద, సోఫా మీద, కుర్చీల మీద ప్లాస్టిక్ కవర్లు. ఆమె వేలి కొసతో ఒక్కొక్కటే ముట్టుకుంటూ వెళ్ళింది. సొరుగు లాగింది, మూసింది. బెత్తెడు లోతు సింకులో తొంగి చూసి, "దీన్లో గిన్నె తోమితే మోకాళ్ళ మీద నీళ్ళే" అంది. మాట్లాడుతోంది కదా అని అతనికి ప్రాణం లేచొచ్చింది. పొయ్యి ఎలా మడతపడుతుందో చూపించాడు, బల్లని మంచం ఎలా చెయ్యచ్చో చూపించాడు. ఇంట్లో గ్యాసు సిలిండరు ఎలా మారుస్తారో తెలియని మనిషి, పరాయివాళ్ళ ఇంటి గురించి గడగడా చెప్పుకుపోయాడు.

"ఈ పరుపు మెత్తగా ఉంటుందా?"

"ఏమో. ఎప్పుడూ పడుకోలేదు."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "పడుకోలేదా?"

"ప్లాస్టిక్ నలగకూడదు. అప్పజెప్పేటప్పుడు చూస్తారు."

"మరి రాత్రిళ్ళు ఎక్కడ పడుకున్నారు, ఇన్నేళ్ళూ?"

"సీట్లోనే. కొంచెం వెనక్కి వాలుతుంది."

ఆమె మళ్ళీ పరుపు వైపు తిరిగింది. "నేను మీరు ఇందులో దర్జాగా పడుకుంటారనుకున్నాను. మన మంచం కుక్కి అయిపోయింది, మీకేం, రోజుకో కొత్త పరుపు అని ఎన్ని రాత్రులు కుళ్ళుకున్నానో" అంది. నవ్వబోయి మానేసింది. "ఒక్కసారి చెబితే పోయేది కదా."

అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ బంకు గోడ మీది గడియారంలో తొమ్మిదీ ఇరవై అయింది, అయిదున్నరకల్లా అప్పజెప్పాలి. భోజనం దగ్గర తీరిగ్గా చెబుదామనుకుని తలుపు వేశాడు. మెట్టు మడిచి, మళ్ళీ కొక్కెం దగ్గర మొదలుపెట్టాడు. ఆమె ట్రక్కు పక్కన నిలబడి పద్దెనిమిదీ విన్నది.

భోజనానికి ఆగిన చోటు పెద్దది. లారీలు బారులు తీరి ఉన్నాయి. ఒక మూల రేకుల కింద టీకొట్టు, రెండు బెంచీలు, దూరంగా మరుగుదొడ్లు. ఆమె డబ్బాలో తెచ్చింది ఇద్దరూ సీట్లలో కూర్చునే తిన్నారు. తింటున్నంతసేపూ కూతురితో ఫోను. కూతురు వేరే ఊళ్ళో నర్సు, భోజనం వేళే దానికి ఖాళీ. "నాన్న పక్కనే ఉన్నాడు. అవును, నిజంగానే, పక్కనే" అంది ఆమె. తిన్నాక సంచి సీట్లో పెట్టి, దాని మీద శాలువా మడిచి వేసి, మరుగుదొడ్డికి వెళ్ళొస్తానని దిగింది.

నిదానం కూడా దిగాడు. చెప్పాల్సిన మాటను మనసులో సర్దుకుంటున్నాడు. "యార్డు పని ఒప్పుకున్నాను" అనాలా, "ఇంక రోజూ ఇంటికొస్తాను" అనాలా. మొదటిది చెబితే, కిందటేడు ఎందుకు వద్దన్నారని వస్తుంది. రెండోదే నయం. కొక్కెం. గొలుసు. దీపాల తీగ. రెండోది చెబితే, వచ్చి ఏం చేస్తారు అంటుందేమో. టైరు. టైరు. మెట్టు. తలుపు. మొదటిదే చెప్పాలి, ఉన్నదున్నట్టు. పైకప్పు మూత. బ్రేకు దీపం. పద్దెనిమిది అయ్యాయి. చేతులు తుడుచుకుని సీటెక్కి, తాళం తిప్పి, వెనక నుంచి వచ్చే లారీలకి దారి చూసుకుంటూ బండిని రోడ్డెక్కించాడు.

రోడ్డు మీద రద్దీగా ఉంది. వెనక పదకొండు మీటర్ల ఇల్లు ఉన్నవాడికి కళ్ళు అద్దాల్లోనే ఉంటాయి. కంటి చివర శాలువా కనిపిస్తోంది, పొద్దుటిలాగే ఆమె తలుపుకి ఆనుకుని మౌనంగా ఉంది అనుకున్నాడు. రద్దీ పలచబడ్డాక గొంతు సవరించుకున్నాడు. ముందున్న అద్దం లోంచి రోడ్డునే చూస్తూ, "యార్డు పని ఒప్పుకున్నాను. పొద్దునే మేనేజరుతో చెప్పేశాను. ఇంక రోజూ ఇంటికొస్తాను. నువ్వు వెళ్ళకు" అన్నాడు.

జవాబు లేదు. కోపం ఉంటుంది, ఉండాలి. "తప్పు నాదే. అప్పుడే నీతో చెప్పాల్సింది" అన్నాడు. ఏడుస్తోందేమోనని తల తిప్పి చూశాడు.

సీట్లో సంచి ఉంది, శాలువా ఉంది.

ఆమె ఫోను ఆ సంచిలోనే ఉంది. పర్సూ అందులోనే. అప్పటికి తొమ్మిది కిలోమీటర్లు వచ్చేశాడు. అంత పొడుగు బండిని వెనక్కి తిప్పాలంటే వంతెన కావాలి, అది ఇంకో పద్నాలుగు కిలోమీటర్ల ముందుంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ముల్లు ఎనభై దాటింది, తొంభై దాటింది. వెనక ఇల్లు అటూ ఇటూ ఊగింది, లోపల ఏదో గడియ ఊడి సొరుగు టకటకా కొట్టుకుంది. కొట్టుకోనీ అనుకున్నాడు. వంతెన ఎక్కి, దిగి, అవతలి రోడ్డు మీద ఆ చోటుని దాటిపోయి, ఇంకో వంతెన దగ్గర తిరిగి వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది.

ఆమె టీకొట్టు బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కాగితం పొట్లం. పక్కన టీకొట్టావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, దిగి వస్తున్న నిదానాన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరేనా ఆయన? వస్తాడు, ఆ బండికి తిరగడానికి టైము పడుతుంది అని ఈవిడే నాకు ధైర్యం చెప్పింది" అంది. ఇంకా ఏదో అనబోయి, అతని మొహం చూసి కొట్లోకి వెళ్ళిపోయింది.

భార్య లేచి చీర సర్దుకుంది. ఇద్దరూ ట్రక్కు వైపు నడిచారు.

"చుట్టూ తిరగరా?" అంది ఆమె. "ఆగారుగా."

తిరగలేదు. ఎక్కి కూర్చున్నాడు.

చాలా దూరం వెళ్ళాక ఆమే మొదలుపెట్టింది. గొంతులో నిష్ఠూరం లేదు, కుట్టిన బట్ట గురించి చెప్పినట్టే చెప్పింది. "నేను మరుగుదొడ్డి తలుపు దగ్గరే ఉన్నాను. మీరు తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను. కొక్కేన్ని తట్టారు, టైర్లని తట్టారు, మెట్టుని కూడా తట్టారు. నన్ను ఎన్నో చోట తలుచుకుంటారా అని చూశాను."

"మనసులో అంతా నువ్వే ఉన్నావు" అన్నాడు. నిజమే చెప్పాడు, చెవికి మాత్రం అబద్ధంలా వినిపించింది.

"ఉంటాను. ఎప్పుడూ అక్కడే ఉన్నాను." వేలి కొస రుద్దుకుంది. "కోపం వస్తుందేమో అని చూశాను. రాలేదు. బండి వెళ్ళిపోతుంటే, సరే, వెళ్ళాడు, మళ్ళీ వస్తాడు అనుకుని పోయి బెంచీ మీద కూర్చున్నాను. ఇంట్లో కూర్చున్నట్టే ఉంది. అది తెలిశాక భయం వేసింది."

తర్వాత రెండు గంటలు పొలాలు, గోదాములు, కరెంటు స్తంభాలు వెనక్కి వెళ్ళాయి. చెప్పడానికి ఇప్పుడు అతనికి హక్కు లేనట్టు అనిపించింది. ఖాళీ సీటుకి అంత బాగా చెప్పిన మాట, మనిషి ఉంటే గొంతు దాటడం లేదు. నడుము నొప్పి మెడ దాకా పాకింది. కళ్ళు మండుతున్నాయి. చివరి అరవై కిలోమీటర్లలో ఒక్క బోర్డు కూడా సరిగ్గా చదవలేదు. ఊరు దగ్గరపడుతోందని రోడ్డు మీద పెరుగుతున్న స్కూటర్లని బట్టి తెలుసుకున్నాడు.

అక్క దుకాణం ఉన్న వీధి ఇరుకు, ఈ బండి పట్టదు. వీధి మొదట్లో ఉన్న కూడలి దగ్గరే దింపాలి. తగిలించిన బండిని రోడ్డు మీద వదిలి డ్రైవరు దిగకూడదు, అదొకటి. కూడలికి ముందు ఎర్రదీపం పడింది. ఆమె కాగితం పొట్లం విప్పింది. కమలాపండు. "టీకొట్టావిడ ఇచ్చింది" అంది. తొక్క చిరగకుండా గిన్నెలా ఒలిచి, పండుని రెండుగా విడదీసింది.

ఎర్రదీపం పక్కన అంకెలు తగ్గుతున్నాయి. నలభై మూడు. నలభై రెండు.

"యార్డు పని ఒప్పుకున్నాను" అన్నాడు నిదానం.

ఆమె నోట్లో తొన పెట్టుకోబోతూ ఆగింది. "ఎప్పుడు?"

"పొద్దున. నువ్వు బండెక్కకముందే."

"పొద్దున్నుంచి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను." అతనికి సిగ్గేసింది. "నువ్వు లేవు అప్పుడు."

ఆమె అతని వైపు పూర్తిగా తిరిగి, పొద్దున్నుంచి మొదటిసారి, తేరిపార చూసింది. కళ్ళ కింద సంచులు, మెడ మీద మడతలు, రెండు రంగుల చేతులు. అతని మీద ఆమెకి ప్రేమ లేక కాదు. ఆ క్షణాన కూడా అది ఉంది, అతనికి కనిపించింది కూడా.

"ఒప్పుకుని మంచి పని చేశారు" అంది మెల్లగా. "రోజూ ఆరింటికి ఇంటికెళ్ళండి. తాళం తీసుకుని లోపలికి వెళ్ళి దీపం వేసుకోండి. ఎవరూ లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో కొన్నాళ్ళు చూడండి. చూశాక ఫోను చెయ్యండి. అప్పుడు మాట్లాడుకుందాం."

"ఎన్నాళ్ళు?"

"నాకేం తెలుసు? నేను ఇరవై ఆరేళ్ళు చూశాను."

పచ్చదీపం వచ్చింది. కూడలి దాటి పక్కకి ఆపాడు. అక్క అప్పటికే చక్రాల బల్ల ఒకటి తోసుకుంటూ వచ్చి నిలబడి ఉంది. మరిదిని చూసి తల ఊపింది. ఆడవాళ్ళిద్దరే మిషను దించారు. అతను సీట్లోంచి వంగి పెట్టె అందించాడు. వెనక బస్సు హారను కొట్టింది. "వెళ్ళండి, దారికి అడ్డం" అంది భార్య. చేత్తో తలుపు మూసి, అలవాటు లేని పని కనక, పడిందో లేదో అని రెండోసారి నెట్టి చూసింది.

అద్దంలో ఇద్దరూ బల్ల తోసుకుంటూ వెళ్ళడం కొంచెంసేపు కనిపించింది. బండి వంపు తిరిగాక అద్దం నిండా ఇంటిబండి తెల్లగోడే ఉంది.

కొన్నాయన ఇల్లు ఊరికి అవతలి వైపు. అతనూ భార్యా గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు, ఇద్దరూ ఈ మధ్యే ఉద్యోగాల నుంచి విరమించినవాళ్ళు. నిదానం కొక్కెం విప్పి, బండి కింది ఇనుప కాళ్ళు దించి, దాన్ని సమంగా నిలబెట్టాడు. కాగితాలు చూపించాడు. లోపలికెళ్ళి ఊడిన సొరుగుని నెట్టి గడియ వేశాడు, గీత పడలేదు. ఆవిడ ఆగలేక పరుపు మీది ప్లాస్టిక్‌ని చర్రున చించి, వెల్లకిలా పడుకుని భర్తని కూడా రమ్మని పిలిచింది. ఆయన సిగ్గుపడుతూ నిదానం వైపు తిరిగాడు.

"ఇన్ని బండ్లు తెచ్చిచ్చారు కదా పెద్దాయనా, మీరూ మీ ఆవిడా ఎప్పుడైనా ఇలా తిరిగారా?"

"ఇవాళ తిరిగాం" అన్నాడు నిదానం.

సంతకం పెట్టించుకుని ట్రక్కు దగ్గరికి వచ్చాడు. వెనక బండి లేదు కనక చుట్టూ తిరగాల్సిన పని లేదు. ఎక్కి కూర్చున్నాడు. పక్క సీటు ముందుకి జరిపే ఉంది. దాని ఎదురుగా, అద్దం కింద, తొక్క గిన్నెలో, నారలన్నీ తీసి పెట్టిన సగం కమలాపండు ఉంది.